గడ్డిలో నడిచి గీత గీయడం ఎలా?

1967లో రిచర్డ్ లాంగ్ అనే కళావిద్యార్థి లండన్‌లోని వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కి నగరం దాటి వెళ్లాడు. ఒక పచ్చికబయలులో గడ్డి అణగి గీత తేలేదాకా అటూ ఇటూ ఒకే దారిన నడిచి, దానిని నలుపు తెలుపులో ఫొటో తీశాడు. ‘ఎ లైన్ మేడ్ బై వాకింగ్’ (నడకతో చేసిన గీత) అనే ఆ పనిని ఎవరైనా చేసి చూడవచ్చు. పూలు చల్లి, ముగ్గుపిండి పోసి దానిని పాడుచేయకుండా ఉంటే చాలు.

కావలసినవి చదునైన అడుగున్న బూట్లు, ఒక కెమెరా లేదా ఫోను. చీలమండ దాటి ఎదిగిన గడ్డి ఉన్న బయలును ఎంచుకుని, యజమానిని అడిగి, పాములు లేవని చూసుకున్నాకే దిగండి. నలభై అడుగుల పొడవు సరిపోతుంది.

అసలు చిక్కంతా తిన్నగా నడవడంలోనే ఉంది. దూరాన ఒక్క చెట్టునే చూస్తూ నడిస్తే, తెలియకుండానే పక్కకు జరిగి, గీత వంకర పోతుంది. అందుకే గీత కొసకు ఆవల ఒక కర్ర పాతి, అది దూరపు చెట్టుకు సరిగ్గా ఎదురుగా కనిపించేలా చూసుకోండి. నడుస్తుండగా చెట్టు కర్ర వెనుక నుంచి ఒక పక్కకు తొలగిందంటే మీరు దారి తప్పారన్నమాట. తిరుగు నడకకు రెండో కొసన కూడా ఇలాంటి జంట గుర్తులే ఉండాలి. పాదాల వంక చూడకండి. కొస చేరాక చుట్టు తిరగకుండా నిలబడిన చోటనే వెనక్కి తిరగండి, లేకపోతే గీత కొస గరిటెలా ఉబ్బుతుంది. తాడు కట్టి నడిచేవారూ ఉన్నారు కానీ, అప్పుడు గీత గీసేది తాడే తప్ప నడక కాదు. నడిచిన దారిని గీతగా చూపే ఫోన్ యాప్‌లో మ్యాపు మీద ఏనుగు బొమ్మ వచ్చేలా వీధులు తిరగడం సరదాయే గానీ, దాని ఆనవాలు నేల మీద ఉండదు.

గీత తేలడం లేదని కాళ్లు ఈడ్చకండి. గడ్డి వేళ్లతో సహా లేస్తే అది గీత కాదు, గాయం. అణగిన గడ్డి మీద వెలుగు వేరుగా పడడం వల్లనే గీత కనిపిస్తుంది కాబట్టి, మిట్టమధ్యాహ్నం ఎంత నడిచినా లాభం లేదు. ఉదయం గానీ సాయంత్రం గానీ, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు బయలు అంచు వెంట తిరుగుతూ చూడండి: ఒక వైపు నుంచి మాయమైన గీత మరో వైపు నుంచి స్పష్టంగా మెరుస్తుంది. ఆ అంచుకు గడ్డిని తొక్కుతూ అడ్డంగా కాక, చుట్టూ తిరిగి చేరండి.

ఫొటోలో మనిషి ఉండకూడదు, కర్రలూ ఉండకూడదు. రంగులు అసలే వద్దు. లాంగ్ తన గీత కింద పని పేరు, దేశం, సంవత్సరం మాత్రమే రాశాడు. మీరూ అంతే రాయండి, సంతకం చేయాలనిపిస్తే ఫొటో వెనుక చేయండి.