శాంతి సభకు కుర్చీలు ఎలా వేయాలి

నాది హైదరాబాద్ పాతబస్తీలో ఉప్పుగూడ వైపు చిన్న టెంట్ హౌస్. వినాయక మండపాలకు, ప్రవక్త పుట్టినరోజు మిలాద్‌కు పెట్టే జల్సా సభలకు, బోనాలకు, క్రిస్మస్ కూడికలకు ఇరవై ఏళ్లుగా షామియానాలు, కుర్చీలు ఇస్తున్నాను. ఏడాదికి నాలుగైదుసార్లు ఎవరో ఒకరు షాపుకొచ్చి, "అన్నా, మన బస్తీలో అన్ని మతాలవాళ్లతో శాంతి సభ పెడుతున్నాం, రేటు చూసి వెయ్యి" అంటారు. నేను అడిగేది ఒకటే: స్టేజీ కావాలా? కావాలంటే వేరే టెంట్ హౌస్ చూసుకోమంటాను.

మొదటిసారి మా గల్లీలో పెట్టినప్పుడు నేనే ముచ్చటపడి స్టేజీ కట్టాను, దాని మీద ఏడు ఎర్ర వెల్వెట్ కుర్చీలు. మధ్య కుర్చీ ఎవరిదన్న దగ్గరే పావుగంట పోయింది. తర్వాత శాలువాలు, దండలు. మైకందుకున్న ప్రతి పెద్దాయనా తన మతంలో శాంతి ఎంతుందో చెప్పాడు. కింద నూటఇరవై కుర్చీల్లో జనం వాళ్లంతట వాళ్లే హిందువులు ఒకవైపు, ముస్లింలు ఒకవైపు సర్దుకున్నారు. ఫొటో దిగారు, వెళ్లిపోయారు. రెండు నెలలకు గల్లీ మూల మీద బైకు తగిలిందని కుర్రాళ్లు కొట్టుకుంటే, అవతలి వైపు ఎవరికి ఫోన్ చేయాలో ఆ ఏడుగురిలో ఒక్కరికీ తెలియలేదు. సభ పెట్టేది ఆ ఫోన్ నంబర్ కోసమే అని నాకప్పుడు అర్థమైంది.

కాబట్టి ముప్పై ఆరు కుర్చీలు చాలు. అన్నీ ఒకే రకం ప్లాస్టిక్‌వి, గుండ్రంగా వేయండి. కుర్చీకి రెండడుగుల లెక్కన వలయం అడ్డం ఇరవై మూడు అడుగులొస్తుంది. కాస్త పెద్ద డాబా అయినా, కమ్యూనిటీ హాల్ అయినా సరిపోతుంది. ఆ దూరంలో మైకు అక్కర్లేదు. మైకు అద్దె పోతే నష్టం నాదే, అయినా చెప్తున్నాను. మైకు చేతికొస్తే మామూలు మనిషి కూడా ఉపన్యాసం మొదలుపెడతాడు.

ఎవరిని పిలవాలి? పంతులుగారు, ఇమామ్ సాబ్, పాస్టర్‌గారు ఉండాల్సిందే. వాళ్లకు కార్డు పంపితే రారు, ఇంటికెళ్లి కూర్చుని చెప్పాలి. కానీ వాళ్లు ముగ్గురు నలుగురికి మించొద్దు. మిగతా కుర్చీలు గొడవైతే ముందు రోడ్డెక్కేవాళ్లకూ, ఆపగలిగేవాళ్లకూ ఇవ్వండి. మండపం చందాలు వసూలు చేసే కుర్రాడు, జల్సాకు జెండాలు కట్టే కుర్రాడు, ఆటో స్టాండ్‌లో నలుగురూ మాట వినే మనిషి, కిరాణా కొట్టాయన, ఆశా వర్కర్. అన్ని గడపలూ తొక్కేది ఆశా వర్కర్ ఒక్కతే, ఆమెను మర్చిపోకండి. పార్టీ కండువాతో వచ్చేవాళ్లకు చాయ్ ఇచ్చి, కండువా ఇంట్లో పెట్టి రమ్మని మర్యాదగా చెప్పండి.

వేళ విషయంలో మేం రెండుసార్లు దెబ్బతిన్నాం. శుక్రవారం మధ్యాహ్నం కుదరదు, ఆదివారం పొద్దున చర్చి ఉంటుంది. శనివారం మావాళ్లలో చాలామంది ఒక్కపొద్దు. చివరికి ఆదివారం సాయంత్రం అసర్ నమాజుకూ, పొద్దు గూకగానే చేసే మగ్రిబ్ నమాజుకూ మధ్య కుదిరింది. ఎండాకాలంలో గంటన్నర, చలికాలంలో గంట దొరుకుతుంది. ఎవరైనా సాగదీసినా మగ్రిబ్ అజాన్ సభ ముగిస్తుంది, ఆ మాట మనం అనక్కర్లేదు.

మొదటి సభలో మతం గురించి మాట్లాడొద్దు. ఇది విని చాలామంది నొచ్చుకుంటారు, సర్వమత సభ అని పేరు పెట్టి ఇదేంటని. మా రెండో సభ మొత్తం డ్రైనేజీ మీదే నడిచింది. మురికినీళ్లు మండపం ముందూ పారుతున్నాయి, మసీదు మెట్ల ముందూ పారుతున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు కలిసి ఫిర్యాదు రాశారు, అలా ఒకరి నంబర్ ఒకరి ఫోన్లో చేరింది. మనకంటే తెలిసినవాళ్లు కూడా ఇలాగే మొదలుపెట్టారు. 1930లో లాహోర్‌లో పుట్టి తర్వాత హైదరాబాద్ చేరిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ శివరాంపల్లిలో ఉంది. మతాల మధ్య సఖ్యత కోసం పనిచేస్తుంది. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన మత అల్లర్ల తర్వాత వాళ్లు పాతబస్తీలోని సుల్తాన్ షాహీలో పిల్లల చదువు, ఆడవాళ్లకు కుట్టుపని లాంటి వాటితో జనంలోకి వెళ్లారు.

మూడో సభ నుంచి పండుగల మాట ఎత్తొచ్చు. క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. ముస్లింలది పూర్తిగా చంద్రుడి లెక్క, అందుకే వాళ్ల పండుగలు ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తాయి. మనం అధికమాసం కలుపుకుంటాం కనుక వినాయక చవితి ఆగస్టు, సెప్టెంబర్ దాటదు. దాంతో కొన్నేళ్లు పండుగలు ఢీకొంటాయి. 2023లో నిమజ్జనం, మిలాద్ రెండూ సెప్టెంబర్ 28నే వచ్చాయి. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. 2025లో నెలంతా సాగే గోల్కొండ బోనాలు జూన్ 26న మొదలైతే మొహర్రం పదో రోజు జులై 6న పడింది. ఏ గల్లీలోంచి ఎవరు ఎన్ని గంటలకు వెళ్తారు, నమాజు వేళ డీజే ఎక్కడ ఆగాలి, రాత్రి పదికి మైకు కట్టేసే పూచీ ఎవరిది? ఇవి నెల ముందే కాగితం మీద రాసుకోవాలి. పోలీస్ స్టేషన్‌లో శాంతి కమిటీ మీటింగ్‌కు ఆ కాగితంతోనే వెళ్లండి.

మాట్లాడేటప్పుడు మాకు ఒకే నియమం. "మీవాళ్లు" అన్న మాట వాడితే పది రూపాయలు డబ్బాలో వేయాలి. "మీవాళ్లు మొన్న ఏం చేశారో తెలుసా" అనబోయి, డబ్బా చూసి, "మొన్న నా చెల్లెల్ని బస్సులో ఒకడు..." అని తన సంగతే చెప్పుకుంటారు. తన సంగతి చెప్పుకునే మనిషితో ఎవరు పోట్లాడతారు? మొదటి రోజు డబ్బాలో రెండొందల పది పడింది, అందులో ముప్పై నావే. ఆ డబ్బుతోనే చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ సభ మధ్యలో ఇవ్వండి, చివర్లో ఇస్తే కప్పులు పట్టుకుని వెళ్లిపోతారు. భోజనం జోలికి పోకండి, ఎవరి వంట ఎవరు తింటారన్నది ఇంకో పంచాయితీ.

ఆడవాళ్లను మగవాళ్ల వెనక వరుసలో కూర్చోబెట్టి "మహిళలు కూడా వచ్చారు" అనుకోవడం దండగ. వాళ్లకు మధ్యాహ్నం మూడింటికి ఎవరి డాబా మీదో వేరుగా పెట్టండి. కుర్చీలొద్దు, జంపఖానా పరవండి. అక్కడ బయటికొచ్చే సంగతులు, ఏ పిల్లాడు రాత్రుళ్లు ఎవరి వెంట తిరుగుతున్నాడు లాంటివి, మా వలయంలో ఎప్పటికీ రావు.

ఇదంతా ఎందుకు పనికొచ్చిందో చెప్తాను. ఒక వినాయక చవితికి, రాత్రి పదకొండు దాటాక, వాన. "కాకా, మండపం మీద రాయేసిండ్రంట" అని ఫోన్. అప్పటికే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. నేను చెప్పులేసుకునేలోపే రెండో ఫోన్, మసీదు వైపు కుర్రాడు: "చిచ్చా, రాయి అంటున్నారు, మనోళ్లు ఎవరూ బయట లేరు, నేను మసీదు ముందే నిలబడ్డా. మీరు చూసి చెప్పండి." వెళ్లేసరికి అక్కడ నలభైమంది, ఇద్దరి చేతుల్లో నా షామియానా కర్రలే. నిచ్చెనెక్కి చూశాను. గేటు మీద నేను కట్టిన హాలోజెన్ లైటు. గంటల తరబడి వెలిగి కాలుతున్న దాని మీద వాన చినుకు పడితే అద్దం టప్పున పగులుతుంది. మాకిది తెలిసిందే. ఆ రోజు మీద రేకు కట్టడం మర్చిపోయింది నేనే. గాజు ముక్కలు రుమాల్లో ఏరుకుని దిగి, అందరికీ చూపించాను. మసీదు కుర్రాడికి వీడియో కాల్ చేసి అతనికీ చూపించాను. అదే వీడియో అతను తన గ్రూపుల్లో, మండపం కుర్రాడు తన గ్రూపుల్లో పెట్టారు. పన్నెండున్నరకు కర్రలు నా బండిలోకి వచ్చేశాయి.

అందుకే ప్రతి సభలోనూ ఒక కాగితం తిప్పండి. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, రాత్రి ఫోన్ ఎత్తేవాళ్లు. వార్త ఏదొచ్చినా ముందు వాళ్లు వెళ్లి కళ్లతో చూడాలి, అప్పటిదాకా ఎవరూ ఫార్వర్డ్ చేయొద్దు. దెబ్బలే మొదలైతే మాత్రం మధ్యలో దూరకుండా పోలీసులకు, 112కు ఫోన్ చేయండి.

చివరి పని. సభయ్యాక కుర్చీలెత్తడానికి నా కుర్రాళ్లను పంపను. వచ్చినవాళ్లే ఎత్తాలి, పదేసి దొంతర్లు పెట్టి బండిలో వేయాలి. గంటసేపు నోరు విప్పనివాడు కూడా దొంతరకు అటు చెయ్యి వేశాక మాట కలుపుతాడు. పోయిన ఆదివారం ముప్పై ఆరు పంపితే ముప్పై ఏడు వచ్చాయి. ఒకదాని వెనక ఉర్దూలో మసీదు పేరు రాసుంది. ఈ శుక్రవారం ఇచ్చి రావాలి.