సంఘ యవ్వనస్థుల వేసవి సేవాయాత్రకు సన్నాహం

వేసవి సేవాయాత్ర మాట యూత్ కూడికలో వచ్చిన వెంటనే తేదీలు, బస్సు, టీ షర్టుల రంగు చర్చకు వస్తాయి. వీటన్నిటికంటే ముందు తేలవలసిన విషయం ఒకటి ఉంది: మనం వెళ్లబోయే చోటివారు మన నుండి ఏం కోరుతున్నారు? ఎంతమంది వెళ్లాలి, ఎన్ని రోజులు ఉండాలి, ఏ పనిముట్లు తీసుకువెళ్లాలి, పిల్లలకు ఏం నేర్పాలి అన్న సంగతులన్నీ ఈ ప్రశ్నకు దొరికే జవాబును బట్టే నిర్ణయం కావాలి.

బైబిలులో, పారసీక రాజు కొలువు నుండి యెరూషలేము గోడ తిరిగి కట్టించడానికి వచ్చిన యూదుడు నెహెమ్యా. అక్కడికి చేరిన అతడు మూడు రోజులు ఆగి, రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని కూలిన గోడలను, కాలిన గుమ్మాలను తన కళ్లతో చూసిన తరువాతే అక్కడివారితో పని సంగతి మాట్లాడాడు. అంతకుముందు, యూదుల పంచాంగంలోని కిస్లేవు నెలలో ఆ గోడ కూలి ఉందన్న వార్త విన్న అతడు రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. ఆ నాలుగు నెలల ప్రార్థన, ఆలోచన వెనుక ఉండబట్టే ప్రయాణానికి కావలసిన తాకీదులను, కలపను అడిగి పుచ్చుకోగలిగాడు. గోడ కట్టడానికి పట్టినది మాత్రం 52 రోజులే. యూత్ లీడర్లు కూడా కనీసం నాలుగు నెలల ముందే పని మొదలుపెట్టడం మంచిది.

ముందుగా వెళ్లి చూసి రావడం

యూత్ లీడరు, సంఘ పెద్దలలో ఒకరు కలిసి ఆ స్థలానికి ముందుగా ఒకసారి వెళ్లి రావాలి. అక్కడి పాస్టరు గారిని గాని, పాఠశాల లేదా ఆశ్రమం బాధ్యత చూసేవారిని గాని మూడు ప్రశ్నలు అడగాలి. మనుషులు చాలక ఆగిపోయిన పని ఏది? మీ ఊరివారు కూలి తీసుకొని చేయగలిగిన పని ఏది? మేము తిరిగి వెళ్లిన తరువాత ఈ పనిని ఎవరు చూసుకుంటారు? మూడో ప్రశ్నకు జవాబు దొరకని పనిని ఒప్పుకోకపోవడమే మేలు. నీళ్లు పోసేవారు లేని మొక్కలు, తెరిచేవారు లేని గ్రంథాలయం ఆ సంఘానికి భారంగానే మిగులుతాయి. రెండో ప్రశ్న కూడా తేలికైనది కాదు. గోడలకు రంగు వేసి బతికే మనిషి ఆ వీధిలోనే ఉన్నప్పుడు, మన పిల్లలు ఉచితంగా రంగు వేస్తే అతని కూలి పోతుంది. అలాంటప్పుడు అతనికి కూలి ఇచ్చి, మన పిల్లలను అతని చేతికింద సహాయకులుగా ఉంచితే పని బాగుంటుంది, పిల్లలకు విద్య కూడా వస్తుంది.

ఆ రోజే బస ఏర్పాట్లు చూసుకోవాలి. స్నానాల గదులు ఎన్ని, తలుపులకు లోపలి గడియలు పనిచేస్తున్నాయా, తాగే నీరు ఎక్కడి నుండి వస్తుంది, రాత్రివేళ ఫోను సిగ్నలు అందుతుందా, దగ్గరి ఆసుపత్రికి వాహనంలో ఎంతసేపు పడుతుంది అన్నవి నోటుపుస్తకంలో రాసుకోవాలి. పని ఏది, సామాగ్రి ఎవరు తెస్తారు, పనిచోట తుది మాట ఎవరిది అన్నవి ఒక కాగితంపై రాసి ఇరువైపులా సంతకాలు చేసుకుంటే తరువాత మాటపట్టింపులు రావు.

పిల్లల భద్రత

ఈ విషయంలో మొహమాటానికి తావు ఇవ్వకూడదు. పెద్దవారెవరైనా ఒక్క పిల్లవాడితో లేదా పిల్లతో మూసిన గదిలో గాని, వాహనంలో గాని ఒంటరిగా ఉండకూడదు. ప్రతి కార్యక్రమంలోనూ కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి. 13 నుండి 18 ఏళ్లవారికి పదిమందికి ఒక పెద్ద చొప్పున ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. రాత్రి బస, నిర్మాణపు పని ఉన్నప్పుడు ఇంకా ఎక్కువమంది కావాలి. అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ ఉన్న బృందంలో స్త్రీలు, పురుషులు ఇద్దరూ పెద్దలుగా వెళ్లాలి. పిల్లలు ఒక గదిలో, పెద్దలు పక్క గదిలో నిద్రించాలి. వెళ్లే పెద్దలందరి పూర్వాపరాలను, ఎంత తెలిసినవారైనా సరే, విచారించే తీసుకువెళ్లాలి. పాస్టరు గారి బంధువులకు కూడా ఇదే నియమం వర్తించాలి. మన పిల్లలకు వర్తించే ఈ నియమాలన్నీ అక్కడ మనం కలుసుకునే పిల్లలకూ వర్తిస్తాయి.

తనకు ఇబ్బంది కలిగితే ఎవరితో చెప్పాలో ప్రతి పిల్లకూ ముందే పేరు పెట్టి చెప్పాలి, అలా వినడానికి నియమించినవారిలో ఒక స్త్రీ తప్పక ఉండాలి. ఫిర్యాదు వస్తే దాన్ని సంఘం పరువు పేరుతో లోలోపల సర్దుబాటు చేయకుండా, తల్లిదండ్రులకు, చట్టప్రకారం చెప్పవలసిన అధికారులకు వెంటనే తెలియజేయాలి. దేవుడు మన చేతికి అప్పగించిన పిల్లల విషయంలో ఇంతకంటే తక్కువ జాగ్రత్త సరిపోదు.

తల్లిదండ్రుల కూడికలో ప్రయాణ వివరాలన్నీ చెప్పి అనుమతి పత్రం నింపించాలి. పిల్లకు పడని పదార్థాలు, మందులు, ఆస్తమా లేదా మూర్ఛ వంటి జబ్బులు, రోజూ వేసుకునే మాత్ర పేరు, మోతాదు, వేళ, ఇద్దరు పెద్దల ఫోను నంబర్లు, అత్యవసరంలో చికిత్స చేయించడానికి సమ్మతి అందులో ఉండాలి. ప్రతులు రెండు చేసి, ఒకటి లీడరు దగ్గర, మరొకటి వేరొక పెద్ద దగ్గర ఉంచాలి. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించారో కూడా అడగాలి. పెద్ద పిల్లలకు, పెద్దలకు పదేళ్లకొకసారి బూస్టరు అవసరం. మురికి అంటిన లోతైన గాయమైతే అయిదేళ్లు దాటినా డాక్టర్లు మళ్లీ వేస్తారు.

డబ్బు

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ప్రయాణం, భోజనం, సామాగ్రి, మందులతో పాటు అనుకోని ఖర్చుకు పదోవంతు అదనంగా కలపాలి. అతిథులుగా మనం వాడే నీరు, కరెంటు, వంటచెరకు ఖర్చును వారి మీద వేయకుండా మన లెక్కలోనే రాసుకోవాలి. చెల్లించలేని ఇంటి పిల్లలకు సంఘం నుండి సహాయం చేసేటప్పుడు ఆ సంగతి పాస్టరు గారికి, కోశాధికారికి తప్ప మరెవరికీ తెలియకూడదు; ధర్మం చేసేటప్పుడు కుడిచేతి పని ఎడమచేతికి తెలియకూడదన్న బోధ అంటే ఇదే.

ఎండలో పని

వేసవి పనికి శరీరం అలవాటు పడడానికి ఒకటి నుండి రెండు వారాలు పడుతుంది. ఫ్యాను కింద పరీక్షలకు చదివి లేచి వచ్చిన పిల్లలను మొదటి రోజే పూర్తి పనిలోకి దింపడం ప్రమాదకరం. ప్రయాణానికి ముందు రెండు వారాలు రోజూ కొంతసేపు ఎండపూట నడిపించి, అక్కడ మొదటి రోజు తక్కువ గంటలు పని పెట్టి, క్రమంగా పెంచాలి. పనిలో ఉన్నంతసేపు దాహం వేసినా వేయకపోయినా పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల నీరు తాగించాలి. గంటకు 1.4 లీటర్లు దాటనివ్వకూడదు, ఎందుకంటే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. ఓఆర్ఎస్ పొట్లాలు సరిపడా ఉంచుకోవాలి. అవి దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో సరిసమానంగా గీసిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి; చిన్న టీ చెంచానే వాడాలి, ఉప్పు ఎక్కువ కాకూడదు.

తలనొప్పి, తల తిరగడం, వికారం కనిపిస్తే నీడకు చేర్చి పడుకోబెట్టాలి. మాట తడబడుతున్నా, తికమకగా ప్రవర్తిస్తున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. శరీరపు వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు. వెంటనే అంబులెన్సును పిలిచి, అది వచ్చేలోగా ఒళ్లంతా నీటితో తడిపి విసనకర్రతో గట్టిగా విసరాలి, మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లని గుడ్డలు ఉంచాలి. పూర్తి స్పృహలో లేనివారికి నోట నీరు పోయకూడదు. ఈ పద్ధతిని బృందంలో అందరి చేతా ఇంటి దగ్గరే ఒకసారి చేయించి చూడాలి.

చేతులకు, మనసుకు శిక్షణ

పని నేర్పకుండా పిల్లలను తీసుకువెళ్తే అక్కడివారు తమ పని మానుకొని మనకు నేర్పవలసి వస్తుంది. బయలుదేరే ముందు రెండు మూడు శనివారాలు మన ప్రార్థన మందిరంలోనే సాధన పెట్టించవచ్చు. నిచ్చెన గోడకు ఆనిన చోటు నాలుగు అడుగుల ఎత్తులో ఉంటే దాని అడుగు గోడకు ఒక అడుగు దూరంలో ఉండాలన్నది కొలత. టేపు పట్టి ప్రతి ఒక్కరూ స్వయంగా నిలబెట్టి చూడాలి. తడి సిమెంటు చర్మాన్ని కాల్చే గాఢ క్షారం కనుక చేతి తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు శుభ్రమైన నీటితో కడుగుతూ ఉండి, ఆపై డాక్టరుకు చూపించాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు, పొడిగా గీకితే లేచే దుమ్ము పీల్చినవారికి హాని చేస్తుంది. పద్దెనిమిదేళ్ల లోపువారికి కరెంటు రంపం, కటింగ్ మెషిను ఇవ్వకూడదు.

వీబీఎస్, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు పాఠశాల, నడిపేవారు పాఠాన్ని చదవడంతో సరిపెట్టుకోక, సంఘంలోని చిన్నపిల్లల ముందు ఒకసారి నడిపి చూడాలి. యేసు తన శిష్యులను ఇద్దరిద్దరిని పంపినప్పుడు పెట్టినది తినమని, ఇంటింటికీ మారవద్దని చెప్పిన లూకా పదో అధ్యాయాన్ని కూడికలో కలిసి చదివితే మర్యాద గురించి చెప్పవలసినది చాలావరకు అందులోనే దొరుకుతుంది. ఒకటి మాత్రం వేరుగా చెప్పాలి: అనుమతి లేకుండా ఎవరి పిల్లల ఫోటో తీయకూడదు, తిరిగి వచ్చి ఇచ్చే సాక్ష్యంలో ఆతిథ్యం ఇచ్చినవారిని జాలిపడవలసినవారిగా చూపకూడదు. ఆ సాక్ష్యాన్ని వారే మన పక్కన కూర్చుని వింటున్నట్టుగా రాసుకోమని పిల్లలకు చెప్పండి.

సామాను విషయంలో ఒక్క నియమం చాలు. ఎవరి సంచి వారే మోయగలగాలి. మూసిన బూట్లు, టోపీ, పొడుగు చేతుల చొక్కా, నీళ్ల సీసా అందులో ఉండాలి.

తిరిగి వచ్చిన వారంలో లెక్కలను సంఘం ముందు చదివి వినిపించాలి. నెల తరువాత అక్కడి పాస్టరు గారికి ఫోను చేసి, చేసిన పని నిలిచిందా, మా వల్ల మీకు ఇబ్బంది ఏమైనా కలిగిందా అని అడిగి, ఆయన చెప్పిన జవాబును ఉన్నదున్నట్టుగా రాసి వచ్చే ఏడాది లీడరుకు అందేలా ఫైలులో పెట్టాలి.