కీబోర్డును దారికి తెచ్చుకుందాం – 3వ పాఠం: కోపైలట్ కీ

పోయిన పాఠంలో క్యాప్స్ లాక్ సంగతి చూశాం. ఈసారిది అంతకన్నా మొండిది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో స్పేస్ బార్‌కు కుడివైపున కనిపించే కోపైలట్ కీ. నొక్కితే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఐ చాట్ సహాయకుడు కోపైలట్ తెరుచుకుంటుంది.

మా చిన్నాన్న ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డుల డీటీపీ చేస్తాడు. ఎడమ చేత్తో కస్టమర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని, కుడి చేత్తోనే కుడి కంట్రోల్, పీ కలిపి నొక్కి ప్రూఫ్ తీయడం ఆయనకు ఏళ్లనాటి అలవాటు. మొన్న సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. సాయంత్రానికే ఫోన్: "ఏందిరా ఇది, ప్రింట్ తియ్యమంటే ముచ్చట పెడదాం రమ్మంటుంది!" కుడి కంట్రోల్ ఉండాల్సిన చోట కోపైలట్ కూర్చుంది మరి.

మైక్రోసాఫ్ట్ ఈ కీని 2024 జనవరిలో ప్రకటించింది. విండోస్ కీ వచ్చింది 1994లో. అంటే ముప్పై ఏళ్లకు ఒక కొత్త కీ ఇచ్చి, చాలా ల్యాప్‌టాప్‌లలో ఒక పాత కీని లాగేసుకున్నారు. నాకైతే ఇది గిట్టుబాటు బేరంలా అనిపించలేదు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇది చూడ్డానికే ఒక కీ. నొక్కితే ఎడమ విండోస్, ఎడమ షిఫ్ట్, ఎఫ్23 మూడూ కలిపి నొక్కినట్టు కంప్యూటర్‌కు కబురు వెళ్తుంది. ఎఫ్12 దగ్గరే వరస అయిపోయింది కదా, ఎఫ్23 ఎక్కడిది అంటారా? ఐబీఎం పాత టెర్మినల్ కీబోర్డుల్లో ఎఫ్24 దాకా ఉండేవి. కీలు పోయినా కోడ్‌లు మిగిలాయి. ఇలా మూడు కీల కలయిక కాబట్టే, క్యాప్స్ లాక్‌ను మార్చినట్టు పవర్‌టాయ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కీ పనిని మార్చే "రీమ్యాప్ ఎ కీ"తో దీన్ని మార్చలేం.

విండోస్ 11 సెట్టింగ్స్‌లో వెతికే పెట్టెలో కోపైలట్ కీ అని కొడితే ఒక ఆప్షన్ వస్తుంది. అందులో సెర్చ్ పెట్టుకోవచ్చు, లేదా కస్టమ్‌లో ఒక యాప్ ఎంచుకోవచ్చు. అయితే ఎంఎస్ఐఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ తరహా ప్యాకేజీగా, డిజిటల్ సంతకంతో వచ్చిన యాప్‌లకే అక్కడ చోటు. మీ పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఆ జాబితాలో దొరకదు. కంట్రోల్ అసలే దొరకదు.

కాబట్టి మళ్లీ పవర్‌టాయ్స్‌కే వెళ్దాం. మైక్రోసాఫ్ట్ వాళ్లదే, ఉచితం. కీబోర్డ్ మేనేజర్ ఆన్ చేసి "రీమ్యాప్ ఎ షార్ట్‌కట్" తెరవండి. కొత్త వరస చేర్చి, ఎడమవైపు షార్ట్‌కట్ అడిగే చోట కోపైలట్ కీ నొక్కండి. విన్, షిఫ్ట్, ఎఫ్23 అని పడాలి. కుడివైపు కంట్రోల్ (రైట్) ఎంచుకుని ఓకే కొట్టండి.

ఇప్పుడు నోట్‌ప్యాడ్‌లో ఏదైనా నాలుగు మాటలు టైప్ చేసి, ఆ కీని, ఇంగ్లిష్ అక్షరం 'A'ను కలిపి నొక్కండి. అంతా సెలెక్ట్ అయితే సగం గెలిచినట్టే. మిగతా సగం: కీని నొక్కి పట్టుకుని మౌస్‌తో మూడు ఫైళ్లు ఒక్కొక్కటిగా క్లిక్ చేయండి. మూడూ సెలెక్ట్ అయి ఉంటేనే కంట్రోల్ పూర్తిగా కుదిరినట్టు.

కంట్రోల్ అవసరం లేనివాళ్లు కుడివైపు విన్, స్పేస్ పెట్టుకోండి. తెలుగు, ఇంగ్లిష్ కీబోర్డుల మధ్య ఒక్క నొక్కుతో మారిపోవచ్చు. నేను అదే పెట్టుకున్నాను.

రెండు ఇబ్బందులున్నాయి. పవర్‌టాయ్స్ నడుస్తుంటేనే ఈ మార్పు పనిచేస్తుంది, పాస్‌వర్డ్ అడిగే లాగిన్ తెరమీద పనిచేయదు. ఇక ఏదైనా సాఫ్ట్‌వేర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే, పవర్‌టాయ్స్‌ను కూడా అలాగే తెరవాలి. చిన్నాన్న దగ్గర ఇదే జరిగింది. నోట్‌ప్యాడ్‌లో బ్రహ్మాండంగా నడిచిన కంట్రోల్, ఆయన డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లగానే మొండికేసింది. కారణం దొరికేసరికి రెండు చాయ్‌లు అయిపోయాయి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని: కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఏమీ ముట్టుకోకుండా ఆ కీ నొక్కండి. కోపైలటే తెరుచుకుంటే, పవర్‌టాయ్స్ జనరల్ పేజీలో "రన్ ఎట్ స్టార్టప్" ఆన్ చేయడం మరిచిపోయారన్నమాట.