సోయా చిక్కుడులో బొగ్గు కుళ్లు తెగులు: శిలీంధ్రపు జన్యు వైవిధ్యాన్ని తెలుసుకునే విధానం

ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల నల్లరేగళ్లలో జూన్, జులై నెలల్లో విత్తిన సోయా చిక్కుడు ఆగస్టు చివరికల్లా కాయ పట్టి, గింజ నిండే దశకు వస్తుంది. సరిగ్గా అప్పుడే వాన ముఖం చాటేసి నేల నెర్రెలు విచ్చితే, నిన్నటివరకు పచ్చగా ఉన్న చేలో మొక్కలు అక్కడక్కడ వడలి, ఎండిన ఆకులు రాలకుండా కాడలను పట్టుకుని వేలాడుతుండగానే చనిపోతాయి. ఇదే బొగ్గు కుళ్లు తెగులు. దీనికి కారణమైన మాక్రోఫోమినా ఫేసియోలినా అనే శిలీంధ్రం 500కు పైగా మొక్క జాతులను ఆశించగలదు. సోయా కోసిన చేలోనే యాసంగిలో వేసే శనగకు ఎండు వేరుకుళ్లు తెచ్చేది కూడా ఇదే. శనగ తెగుళ్ల గురించిన పాత పుస్తకాలలో కనిపించే రైజోక్టోనియా బటాటికోలా అనేది దీని స్క్లీరోషియా దశకు, అంటే గట్టి నల్లటి ఉండలుగా నిలిచే దశకు, పెట్టిన పేరు.

ఇంత విస్తృతంగా బతికే శిలీంధ్రం ఒక చేలో ఒకే వంశంగా ఉన్నదా, అనేక వంశాలుగా ఉన్నదా, సోయాను చంపిన వంశమే శనగనూ చంపుతున్నదా అన్న ప్రశ్నలకు జవాబు వెతకబోయే మొక్కల తెగుళ్ల శాస్త్ర విద్యార్థుల కోసం ఈ విధానాన్ని రాస్తున్నాను. ముందుగా ఒక మాట చెప్పాలి. జన్యు వైవిధ్యం అధ్యయనమనగానే చాలామంది మనసు డీఎన్ఏ ప్రతులను పెంచే పీసీఆర్ యంత్రం మీదికి పోతుంది. నా అనుభవంలో మాత్రం ఫలితంలోని మంచిచెడ్డలు చేలో మొక్కను పీకే రోజునే చాలావరకు తేలిపోతాయి. తప్పుగా సేకరించిన నమూనాను, వంశాలను గుర్తుపట్టే డీఎన్ఏ మార్కరు ఎంత ఖరీదైనదైనా సరిదిద్దలేదు.

చేలో నమూనాల సేకరణ

గింజ నిండి కాయలు పసుపుకు తిరిగే దశలో, అంటే సాధారణంగా సెప్టెంబరులో, చేలోకి వెళ్లాలి. ఇంకా ఆలస్యమైతే సహజంగా పండిన మొక్కకూ తెగులుతో ఎండిన మొక్కకూ తేడా తెలియదు. పండిన మొక్క ఆకు రాలుస్తుంది, బొగ్గు కుళ్లుతో చచ్చిన మొక్క ఆకును వదలదు. అనుమానం వచ్చిన మొక్కను వేరుతో సహా తవ్వి తీసి, నేలకు ఆనుకున్న కాండాన్నీ తల్లివేరునూ పదునైన కత్తితో నిలువుగా చీల్చి చూడాలి. లోపలి కణజాలం బూడిద రంగుకు తిరిగి, దాని మీద బొగ్గుపొడి చల్లినట్టు సన్నని నల్లటి చుక్కలు కనిపిస్తే అవి ఈ శిలీంధ్రపు మైక్రోస్క్లీరోషియా. చేతి భూతద్దంలో ఒక్కొక్క చుక్కా విడివిడిగా తెలుస్తుంది. అలా కాక, మొదలు చుట్టూ తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు ఉండలు కనిపిస్తే అది స్క్లీరోషియం రాల్ఫ్సీ తెచ్చే మొదలు కుళ్లు. ఆ మొక్కను పక్కన పెట్టండి.

ఎన్ని మొక్కలు తీయాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. వైవిధ్యం జిల్లాల మధ్య ఎంత, చేల మధ్య ఎంత, ఒకే చేలోని మొక్కల మధ్య ఎంత అని విడదీయాలంటే, సేకరణ కూడా అదే మెట్ల వరుసలో సాగాలి. మూడు జిల్లాలు, జిల్లాకు నాలుగు చేలు, చేనుకు పది మొక్కలు తీసుకుంటే 120 ఐసోలేట్లు, అంటే ఒక్కో మొక్క నుంచి వేరుచేసిన శిలీంధ్ర నమూనాలు, అవుతాయి. ఒక పీజీ విద్యార్థి రెండేళ్లలో మోయగలిగిన పని ఇది. జిల్లాకు ఒక చేనూ, చేనుకు ఒక మొక్కా తీసి, దానికి జిల్లా పేరు తగిలించి, ఇరవై ఐసోలేట్లతో భౌగోళిక వైవిధ్యమని రాసిన పత్రాలు తక్కువేమీ కాదు. ఆ పద్ధతిలో చేను లోపలి వైవిధ్యం అసలు కొలతకే రాదు కాబట్టి, జిల్లాల మధ్య కనబడిన తేడా నిజంగా జిల్లాలదేనని చెప్పడానికి ఆధారం ఉండదు.

చేలో అడ్డంగా, వంకరగా నడుస్తూ, మొక్కకూ మొక్కకూ కనీసం పది మీటర్ల ఎడం ఉండేలా తీయాలి. ఈ శిలీంధ్రం గాలిలో దూరాలకు ఎగిరిపోయేది కాదు. ముఖ్యంగా పంట మోళ్లలోనూ మట్టిలోనూ మైక్రోస్క్లీరోషియా రూపంలో ఏళ్ల తరబడి నిలిచి, దుక్కితోనూ మట్టితోనూ కదులుతుంది. ఒకే సాలులో పక్కపక్కనే చచ్చిన అయిదు మొక్కలను తీస్తే ఒకే వంశాన్ని అయిదుసార్లు లెక్కపెట్టినట్టే కావచ్చు. శనగతో పోల్చదలిస్తే మళ్లీ అదే చేలకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్లాలి. ఎండు వేరుకుళ్లు సోకిన శనగ తల్లివేరు పెళుసుబారి, పీకగానే పుటుక్కున తెగి కింది భాగం నేలలోనే ఉండిపోతుంది. అందుకని బొరిగెతో చుట్టూ తవ్వి తీయాలి.

తీసిన మొక్కలను కాగితపు కవర్లలోనే పెట్టాలి. మొదటి ఏడాది నేను పాలిథిన్ సంచుల్లో కట్టి తెచ్చాను. మర్నాటికి లోపల తేమ పట్టి, ప్లేట్లలో సగానికి పైగా ఫ్యుజేరియం అనే మరో శిలీంధ్రమే పెరిగింది. ఆ చేలకు మళ్లీ వెళ్లేసరికి కోతలు అయిపోయాయి. ప్రతి కవరు మీదా పెన్సిలుతో చేను గుర్తు, అక్షాంశ రేఖాంశాలు, రకం, విత్తిన తేదీ, ముందు పంట, తడి ఇచ్చారా లేదా అన్న వివరాలు రాయాలి. జె.ఎస్. 335 వేసిన చేనా, మరో రకమా అన్నది రైతును అడిగి రాసుకోవాలే తప్ప మొక్కను చూసి ఊహించకూడదు.

శుద్ధమైన కల్చర్

వేరూ కాండమూ కలిసే చోట, ఆరోగ్యంగా ఉన్న భాగానికీ తెగులు భాగానికీ సరిహద్దు నుంచి అయిదు మిల్లీమీటర్ల ముక్కలు కోసి, 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం ఉంచి, శుద్ధి చేసిన నీటిలో మూడుసార్లు కడిగి, తడి అద్ది, స్ట్రెప్టోమైసిన్ కలిపిన బంగాళదుంప డెక్స్‌ట్రోజ్ అగర్ మీద పెట్టాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది చాలా వేగంగా పెరుగుతుంది. మూడు నాలుగు రోజుల్లో 90 మిల్లీమీటర్ల ప్లేటంతా పరుచుకుని, తెల్లగా మొదలైన బూజు బూడిద రంగుకూ ఆ తర్వాత నలుపుకూ తిరుగుతుంది.

ఇక్కడ తొందరపడకూడదు. ఒక మైక్రోస్క్లీరోషియంను సూదితో తీసి కొత్త ప్లేటులో పెడితే అదే శుద్ధమైన కల్చర్ అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ నల్లటి చుక్క అనేక పోగులు అల్లుకుని, ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడగా ఏర్పడినది. రెండు వంశాల పోగులు దానిలో కలిసి ఉండే అవకాశం లేకపోలేదు. అందువల్ల పలచటి నీటి అగర్ మీద పెంచి, అంచున విడిగా సాగుతున్న ఒక్క పోగు కొనను సూక్ష్మదర్శినిలో చూస్తూ కోసి తీయడం మేలు. అలా శుద్ధి చేసినదాన్ని వెంటనే గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల వద్ద భద్రపరచాలి. ప్లేటు నుంచి ప్లేటుకు పదే పదే మారుస్తూ పోతే కల్చర్ స్వభావం మారి, తెగులు తెచ్చే శక్తి తగ్గిపోవచ్చు.

పొటాషియం క్లోరేట్ 120 మిల్లీమోలార్ కలిపిన మాధ్యమంపై ఈ శిలీంధ్రపు ఐసోలేట్లు దట్టంగానో, ఈకలా పలచగానో, పెరుగుదల కుంచించుకుపోయో కనిపిస్తాయి. ఈ పరీక్ష చవక, చేసి చూడవచ్చు. అయితే అది నైట్రేట్ వినియోగానికి సంబంధించిన ఒక్క లక్షణాన్ని చూపుతుంది కాబట్టి, మొత్తం జన్యు వైవిధ్యానికి దాన్ని కొలబద్దగా తీసుకోకూడదు. క్లోరేట్ మండే పదార్థాలతో కలిస్తే ప్రమాదకరమని కూడా గుర్తుంచుకోవాలి.

డీఎన్ఏ, మార్కర్లు

డీఎన్ఏ తీయడానికి ద్రవ మాధ్యమంలో పెంచిన లేత బూజును వాడాలి. నల్లబడే దాకా ఆగితే మెలనిన్ డీఎన్ఏతో పాటే వచ్చి పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. సీటాబ్ అనే రసాయనంతో డీఎన్ఏ తీసే పద్ధతిలో చివర గొట్టం అడుగున చేరే ముద్ద తెల్లగా లేదా పారదర్శకంగా ఉండాలి. టీ డికాక్షన్ రంగులో, జిగటగా కనిపిస్తే దానితో ముందుకు పోకుండా క్లోరోఫామ్‌తో ఇంకొకసారి కడగడం మంచిది.

మొదటి పని, చేతిలో ఉన్నది మాక్రోఫోమినా ఫేసియోలినాయేనని నిర్ధారించుకోవడం. ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగపు వరుస ఆ ప్రజాతిని బాగానే గుర్తిస్తుంది గాని దగ్గరి జాతులను నమ్మకంగా విడదీయలేదు. 2014లో సెనెగల్ నమూనాల నుంచి మాక్రోఫోమినా సూడోఫేసియోలినా అనే వేరే జాతిని వర్ణించిన తర్వాత, ఐటీఎస్‌కు తోడు ట్రాన్స్‌లేషన్ ఎలాంగేషన్ ఫ్యాక్టర్ వంటి జన్యువుల వరుసలు కూడా చదవడం తప్పనిసరి అయింది. రెండు జాతులను కలిపేసి లెక్కిస్తే, లేని వైవిధ్యం ఒకే జాతిలో ఉన్నట్టు కనిపిస్తుంది.

మార్కర్ల విషయానికి వస్తే, ర్యాపిడ్ (ఆర్ఏపీడీ) అనే పాత మార్కర్ పద్ధతిని ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టవద్దని నా సలహా. ఒక ప్రయోగశాలలో వచ్చిన గీతలు మరో ప్రయోగశాలలో రాకపోవడం దాని పాత జబ్బు. సూక్ష్మ పునరావృత వరుసల మార్కర్లు, అంటే ఎస్ఎస్ఆర్‌లు, పది పదిహేను స్థానాల్లో చదివితే చాలా ప్రశ్నలకు సరిపోతాయి. వాటి పొడవులు రెండు క్షారాల తేడాతో కూడా మారతాయి కాబట్టి సాధారణ అగరోజ్ జెల్ చాలదు, క్యాపిలరీ పద్ధతిలోనే కొలవాలి. ఈ శిలీంధ్రంలో ప్రతి జన్యువుకూ ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి ప్రతి స్థానానికీ ఒక్క గీతే రావాలి. రెండు వచ్చాయంటే మొదట అనుమానించవలసింది కల్చర్ శుద్ధినే. నిధులుంటే మొత్తం జీనోమ్‌ను చదివి ఒంటి క్షార భేదాలను లెక్కించడం అన్నిటికంటే మంచిది. జనపనార (జూట్) మొక్క నుంచి తీసిన ఐసోలేట్ జీనోమ్‌ను బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు 2012లోనే ప్రకటించారు. సుమారు 4.9 కోట్ల క్షార జతల ఆ జీనోమ్, సోయా నమూనాలను సరిపోల్చుకోవడానికి పనికివస్తుంది.

లెక్కలు

అన్ని స్థానాల్లోనూ ఒకేలా ఉన్న ఐసోలేట్లను ఒక జన్యురూపంగా కలపాలి. ఎన్ని రూపాలున్నాయో చెప్పి ఆగిపోవడం చాలదు, ఏది ఎంత ఉందో కూడా చెప్పాలి. ఉదాహరణకు రెండు చేల నుంచి పదేసి ఐసోలేట్లు తీశామనుకుందాం. మొదటి చేలో ఒక రూపం ఆరుసార్లు, మిగిలిన నాలుగు ఒక్కొక్కసారి వచ్చాయి. రెండో చేలో అయిదు రూపాలు రెండేసిసార్లు వచ్చాయి. రెండిట్లోనూ రూపాలు అయిదే. కానీ యాదృచ్ఛికంగా తీసిన రెండు ఐసోలేట్లు వేర్వేరు రూపాలై ఉండే అవకాశాన్ని చెప్పే సింప్సన్ సూచిక మొదటి చేలో 1 − (0.36 + 0.04) = 0.60, రెండో చేలో 1 − 0.20 = 0.80. మొదటి చేలో ఒక వంశం పైచేయి సాధించిందన్న సంగతి ఈ తేడాలోనే ఉంది.

ఈ శిలీంధ్రం ప్రధానంగా అలైంగికంగా పెరుగుతుంది. కనుక లైంగిక కలయిక జరిగినట్టు భావించి కట్టిన స్ట్రక్చర్ అనే సాఫ్ట్‌వేర్ వంటి పద్ధతులను యథాతథంగా నమ్మకూడదు. ఐసోలేట్లను గుంపులుగా విడదీసే, అటువంటి ఊహ అవసరం లేని డీఏపీసీ విశ్లేషణ ఇక్కడ మేలు. ఆర్ భాషలోని పాపర్ ప్యాకేజీ క్లోన్లుగా పెరిగే జీవుల కోసమే రాసినది. ప్రతి చేను నుంచి ఒక్కో జన్యురూపాన్ని ఒక్కసారే ఉంచి ఒక లెక్క, అన్నిటినీ ఉంచి మరొక లెక్క చేసి, రెండూ ప్రకటించాలి. వైవిధ్యాన్ని మెట్లవారీగా పంచి చూపే ఆమోవా విశ్లేషణలో జిల్లా, చేను, మొక్క మెట్లను విడదీయాలి. చేలలో నమూనాల సంఖ్యలు సమానంగా లేకపోతే రేర్‌ఫాక్షన్, అంటే అన్నిటినీ ఒకే నమూనా సంఖ్యకు తెచ్చే లెక్క, చేయకుండా పోల్చకూడదు.

పైరు మీద పరీక్ష

ఐసోలేట్ల దగ్గరితనాన్ని చూపే చెట్టు బొమ్మ, అంటే డెండ్రోగ్రామ్, గీసి ఆగిపోతే రైతుకు చేరేదేమీ ఉండదు. వేర్వేరు గుంపుల నుంచి రెండేసి ఐసోలేట్లను ఎంచి, మూడు వారాల సోయా మొక్కల కాండాన్ని కోసి, కోసిన కొనకు శిలీంధ్రాన్ని అంటించి, కిందికి పాకిన మచ్చ పొడవును రోజు విడిచి రోజు కొలవాలి. అవే ఐసోలేట్లను శనగ వేర్ల మీద కూడా పరీక్షించాలి. ఈ తెగులును పూర్తిగా తట్టుకునే సోయా రకం లేదు, ఉన్నది ఎక్కువ తక్కువల ఓర్పు మాత్రమే. అందుకే ఫలితాన్ని రేసులుగా (ఏ రకాలకు తెగులు తెస్తుంది, వేటికి తేదు అన్నదాన్ని బట్టి చేసే గుంపులుగా) విభజించి రాయకుండా, మచ్చ పొడవుల సగటులుగానే చూపాలి. రకాల ఎంపికకు ఇన్నాళ్లూ ఒకే ఐసోలేట్‌ను వాడుతున్న చోట, ఇలా తేలిన ప్రతి గుంపు నుంచీ బాగా తీవ్రమైన ఒక ఐసోలేట్‌ను కలిపి వాడమని అడగాలి. ఆ ఐసోలేట్లను చేను వివరాలతో సహా జాతీయ కల్చర్ సేకరణలో జమ చేసి, అక్కడ ఇచ్చిన నమోదు సంఖ్యలను పత్రంలో ఇవ్వాలి.