టీబీ మందులు వాడినా దగ్గు తగ్గట్లేదా? ఎన్‌టీఎం రిస్క్ ఉందేమో ఇలా చూసుకోండి

టీబీ మందులు నెలల తరబడి వాడినా దగ్గు, కళ్లె తగ్గకపోతే అది మందులకి లొంగని మొండి టీబీనా, లేక ఎన్‌టీఎం (నాన్ ట్యూబర్‌క్యులస్ మైకోబాక్టీరియా అనే క్రిములు) ఏమో డాక్టర్‌ని అడగండి. ఇవి టీబీ క్రిములకి చుట్టాలే, కానీ మట్టిలో, కుళాయి నీళ్లలో, షవర్‌లో బతుకుతాయి, మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటవు కాబట్టి ఎన్‌టీఎం అని తేలితే పేషెంట్‌ని దూరం పెట్టకండి ప్లీజ్.

ముందు పాత రిపోర్టులు తీయండి. ఎప్పుడో టీబీ వచ్చి ఊపిరితిత్తుల్లో మచ్చలు, గుంటలు మిగిలినవాళ్లు, బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు పాడై వెడల్పవడం), సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఎప్పుడూ ఆయాసం ఉండే జబ్బు) ఉన్నవాళ్లు, వీళ్లకే రిస్క్ ఎక్కువ, మన దగ్గరైతే పాత టీబీ సంగతే మొదట చూడాలి. తర్వాత మందులు. కీళ్లవాతానికి ఇచ్చే యాంటీ-టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లు (ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు), స్టెరాయిడ్లు, ఎక్కువ డోసు స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు కూడా రిస్క్ పెంచుతాయి (అలాగని మీ అంతట మీరు ఆపేయొద్దు). బాగా సన్నగా ఉండే పెద్దవయసు ఆడవాళ్లు, సిగరెట్ ముట్టకపోయినా ఈ లిస్టులో ఉంటారు, వాళ్ల దగ్గుని ఎవరూ పట్టించుకోరు, అదే నా బాధ.

కళ్లె మైక్రోస్కోప్‌లో పాజిటివ్, సీబీనాట్‌లో (టీబీ క్రిమి జన్యువుని వెతికే టెస్ట్) టీబీ లేదు అని వస్తే కల్చర్ (క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే టెస్ట్) అడగండి, మైక్రోస్కోప్‌లో టీబీ, ఎన్‌టీఎం రెండూ ఒకేలా కనిపిస్తాయి. కళ్లె కల్చర్ ఒక్కసారి పాజిటివ్ వస్తే చాలదు, విడివిడిగా తీసిన కనీసం 2 శాంపిళ్లు, సీటీ స్కాన్, లక్షణాలు అన్నీ కలవాలి.

రిస్క్ ఉన్నవాళ్లు నెబ్యులైజర్‌లో కుళాయి నీళ్లు పోయొద్దు, స్టెరైల్ సెలైనే వాడండి. కుండీల మట్టి కలిపేటప్పుడు తడిపి, మాస్క్ పెట్టుకోండి. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే కొనుక్కుని మింగుతూ పోతే క్రిమి మొండికేస్తుంది, తర్వాత వైద్యం చాలా కష్టం.