తడినేలలో ఓక్ చెట్టు – 2వ పాఠం: కాయ తడి ఆరకముందే

పోయిన పాఠంలో పెరట్లో అడుగు లోతు గుంట తవ్వి, నీళ్ళు పోసి, ఎప్పటికి ఇంకుతాయో చూడమన్నాను. మర్నాటికీ నీళ్ళు అలాగే ఉన్నాయా? బెంగపడకండి. స్వాంప్ వైట్ ఓక్ అలాంటి పల్లపు నేలల్లో పుట్టిన చెట్టే. అమెరికా తూర్పు, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో, ముఖ్యంగా ఏటి ఒడ్డున, తనంతట తనే పెరుగుతుంది. వసంతంలో కొన్నాళ్ళు నీళ్ళు నిలిచినా తట్టుకుంటుంది. ఏడాదంతా మడుగులా ఉండే చోట మాత్రం దీనికీ ఊపిరాడదు.

ఈసారి విత్తనం సంగతి. కాయలు సెప్టెంబరు, అక్టోబరుల్లో రాలతాయి. చెట్టును పోల్చుకోవాలంటే ఒక ఆకు తిప్పి చూడండి. పైన నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ, అడుగున తెల్లటి మెత్తని నూగు. కాయలు పొడుగాటి కాడకు, చాలావరకు జంటగా ఉంటాయి. న్యూయార్క్‌లో 9/11 స్మారకం దగ్గర 400కు పైగా ఉన్నవి ఈ చెట్లే, వెళ్ళినప్పుడు గమనించండి. నీళ్ళు నిలిచిన మట్టిలోనైనా, నడిచేవాళ్ళ పాదాల కింద అణిగి గట్టిపడిన మట్టిలోనైనా వేరుకు దొరకనిది గాలే. ఆ కొరతను ఓర్చుకునే చెట్టు కాబట్టే నగరంలోనూ బతుకుతోంది.

ఇక అసలు విషయం. విత్తనం అనగానే ఎండబెట్టడం మనకు అలవాటు. బెండ, బీర గింజలకు అదే పద్ధతి. మొదటి ఏడాది నేనూ ఓక్ కాయల్ని అలాగే చాటలో పోసి వారం రోజులు ఆరబెట్టాను. ఒక్కటీ మొలవలేదు. చాలా బాధేసింది. మామిడి టెంకలాగా, పనస గింజలాగా ఇది కూడా ఎండితే చచ్చిపోయే విత్తనం. ఏరిన రోజే తడిగుడ్డలో చుట్టండి.

ఇంటికి రాగానే కాయల తలమీద గిన్నెల్లా ఉండే టోపీలు తీసేసి, కాయల్ని బకెట్ నీళ్ళలో వేయండి. తేలినవి పారేయండి. మునిగిన వాటిలోనూ సూదితో పొడిచినట్టు చిన్న కన్నం ఉంటే లోపల పురుగు ఉన్నట్టే, లేదా తినేసి వెళ్ళిపోయినట్టే. అవీ వద్దు.

మిగిలినవి వెంటనే నాటేయాలి. రెడ్ ఓక్ రకాల కాయలు మొలవాలంటే చలికాలమంతా గడవాలి, మన చెట్టు చేరిన వైట్ ఓక్ వర్గానికి ఆ అవసరం లేదు. కాయ పగిలి, మొలకెత్తిన పెసలకు వచ్చినట్టు తెల్లటి వేరు ఆ శరదృతువులోనే దిగుతుంది. అది నిటారుగా లోతుకు పోయే తల్లివేరు కాబట్టి అడుగు లోతున్న కుండీ కావాలి, అడుగున కన్నాలుండాలి. కాయను అడ్డంగా పడుకోబెట్టి, పైన అంగుళం మట్టి కప్పండి. ఆపైన ఇనుప జాలీ బిగించి కట్టాలి, లేకపోతే తెల్లారేసరికి ఉడతలు తవ్వుకుపోతాయి.

కుండీని గోడవారగా నేలకు ఆనించి, చుట్టూ ఎండాకులు పోయండి. మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. చలికాలమంతా పైకి ఏమీ కనపడదు. టెన్షన్ పడి తవ్వి చూడకండి, వేరు విరుగుతుంది. వసంతంలో చిగురు పైకొచ్చాక ఆ మొక్కను పల్లంలోకి ఎలా మార్చాలో 3వ పాఠంలో చూద్దాం.