సీజన్‌లో నిండుగా, తర్వాత అప్పుగా: తిరుపతిలో రోజు రాబడి ఇళ్ల లెక్కలు, చిక్కులు, పరిష్కారాలు

తిరుపతిలో చాలా ఇళ్లకు జీతం తారీఖు అంటూ ఒకటి ఉండదు. ఆటోలు, జీపులు నడిపేవాళ్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు, పూలు కట్టి అమ్మేవాళ్లు, అలిపిరి దారిలో టీ బండి పెట్టుకున్నవాళ్లు, అందరి రాబడీ యాత్రికుల రద్దీని బట్టే. వేసవి సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశి రోజుల్లో భోజనానికి కూడా తీరిక దొరకదు. పిల్లల పరీక్షల కాలంలో, నవంబరు వానల్లో స్టాండులో బండి కదలదు. పైగా మొత్తం రాబడే తగ్గిన ఇళ్లూ ఉన్నాయి. 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఇంట్లో ఆడవాళ్లకు ఛార్జీ మిగిలింది. అదే ఇంట్లో ఆటో నడిపే మనిషి దగ్గరి ఊళ్ల బాడుగలు తగ్గాయని బాధపడుతున్నాడు.

నెల జీతగాళ్లకు చెప్పే బడ్జెట్ సూత్రాలు ఇలాంటి ఇంటికి అతకవు. "రాబడిలో ఇరవై శాతం దాచండి" అంటారు. ఏ నెల రాబడిలో? అందుకే ఇంట్లో కనబడే ఇబ్బంది దగ్గరే మొదలుపెడుతున్నాను. మీకు ఏది వర్తిస్తే అది చూసుకోండి. ఒక్క లెక్క మాత్రం ముందుగా అందరూ వేయాలి.

అన్నిటికన్నా ముందు

గడిచిన పన్నెండు నెలల రాబడి ఒక పక్క, ఖర్చు ఇంకో పక్క రాయండి. రాబడి అంటే గ్యాసు, డీజిలు, బండి అద్దె, సరుకు పెట్టుబడి పోగా ఇంటికి వచ్చింది మాత్రమే. రాసిన పుస్తకం లేకపోతే ఫోనులో చెల్లింపుల వివరాలు, బ్యాంకు పాసుబుక్కు తీయండి. మిగతాది ఇద్దరూ కూర్చుని గుర్తు చేసుకోండి. రూపాయి రూపాయి సరిపోవాల్సిన పని లేదు.

ఏడాది మొత్తం మీద రాబడి ఖర్చుకు సరిపోతున్నా కొన్ని నెలల్లో అప్పు పడుతోందంటే మీది హెచ్చుతగ్గుల సమస్య. ఏడాది మొత్తం మీదే తక్కువైతే అది లోటు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, చేయాల్సింది మాత్రం వేరు. లోటులో ఉన్న ఇంటికి "దాచుకోండి" అని చెప్పడం అన్యాయం. అలాంటివారు నేరుగా చివరి భాగం చదవండి.

సమస్య: మేలో బాగానే వచ్చింది, జులైకల్లా చేబదులు అడుగుతున్నాం

కారణం: ఏ నెల వచ్చిన డబ్బును ఆ నెల జీతం అనుకోవడం. మే నెల రాబడి చూసి కొత్త ఫోనుకు వాయిదా పెట్టుకుంటాం, ఇంకో గది ఉన్న ఇంటికి మారతాం. రాబడి జులైలో పడిపోతుంది. ఆ వాయిదా, ఆ అద్దె మాత్రం తగ్గవు.

పరిష్కారం: మీ ఇంటికి మీరే నెల జీతం ఖాయం చేసి ఇచ్చుకోవాలి. ఎంత అనేది అంకెలతో చూద్దాం. ఒక ఆటో కుటుంబం ఉందనుకోండి. ఖర్చులు పోను ఇంటికి వచ్చింది, వేల రూపాయల్లో: జనవరి 24, ఫిబ్రవరి 15, మార్చి 14, ఏప్రిల్ 22, మే 30, జూన్ 24, జులై 16, ఆగస్టు 19, సెప్టెంబరు 24, అక్టోబరు 26, నవంబరు 15, డిసెంబరు 20. మొత్తం 2,49,000. సగటున నెలకు 20,750.

సగటును జీతంగా పెట్టుకుంటే ఫీజులకు, బండి కాగితాలకు ఏమీ మిగలదు. అందుకని నెల జీతం 17,000 అనుకుందాం. ఏడాదికి 2,04,000. మిగిలిన 45,000 ఏడాదికోసారి వచ్చే ఖర్చులకు. ఇప్పుడు తక్కువ పడే నెలలు చూడండి. ఫిబ్రవరిలో 2,000, మార్చిలో 3,000, జులైలో 1,000, నవంబరులో 2,000. అన్నీ కలిపితే 8,000. రెండున్నర లక్షలు సంపాదించే ఇల్లు వడ్డీకి తిరుగుతున్నది ఈ ఎనిమిది వేల కోసం. నేను మళ్లీ మళ్లీ చెప్పాలనుకునేది ఇదే. కొరత వచ్చిన రోజున కొండంత కనబడుతుంది, కాగితం మీద పెడితే మనం దాటగలిగినంతే ఉంటుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క మీ పుస్తకంలో మీరే వేయండి.

నడిపే పద్ధతి: రెండు బ్యాంకు ఖాతాలు ఉండాలి. రాబడంతా ఒకదానిలోకి, క్యూఆర్ కోడ్ కూడా దానికే. ఒకటో తారీఖున 17,000 రెండో ఖాతాకు వెళ్తుంది. ఇల్లు నడిచేది ఆ రెండో ఖాతా మీదే. జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ నిబంధన లేదు కాబట్టి రెండోదిగా అది బాగా పనికొస్తుంది. మొదలుపెట్టడం మంచి నెలలోనే, అంటే మేలోనో అక్టోబరులోనో. ఫిబ్రవరిలో మొదలుపెడితే మొదటి నెలే తప్పుతుంది, మనసు విరిగిపోతుంది.

ఎనిమిది వేలు మామూలు ఏడాదికి సరిపోయే అంకె. 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆగిపోయి, సామాన్య భక్తులకు మళ్లీ జూన్ 11న మొదలయ్యాయి. 2021 నవంబరులో వరద నీళ్లు నగరంలో ఇళ్లలోకి వచ్చాయి. అలాంటివాటికి రెండు నెలల జీతమైనా విడిగా ఉండాలి. అది రెండు మూడేళ్ల పని. ముందు ఎనిమిది వేలు చేర్చండి.

సమస్య: రోజూ డబ్బు చూస్తున్నాం, ఒకటో తారీఖున అద్దెకు లేదు

కారణం: రాబడి రోజుది, కట్టాల్సింది నెలది. రోజు ఖర్చు దానంతటదే జరిగిపోతుంది, నెల ఖర్చు గుర్తుకొచ్చేసరికి ఇరవై ఎనిమిదో తారీఖు అవుతుంది.

పరిష్కారం: నెల చివర కట్టేవాటిని పనిదినాలతో భాగించండి. అద్దె 6,000, పాలు 1,500, కరెంటు 600, పిల్లల ఆటో 900, మొత్తం 9,000. పని దొరికే రోజులు 25 అనుకుంటే రోజుకు 360. సాయంత్రం ఇంటికి వచ్చాక మొదట పక్కకు తీయాల్సింది ఇదే, కూరగాయలకు తర్వాతే. సగం రాబడి ఫోనుకు వస్తుంది కనుక డబ్బాలో వేయడానికి చేతిలో నోట్లు లేవంటారు. అలాగైతే రాత్రికి రాత్రే ఆ 360 రెండో ఖాతాకు పంపేయండి. ఆ రోజు 200 మాత్రమే కుదిరితే 200 పంపండి, తక్కువ పడిన 160 పుస్తకంలో రాసుకోండి. రద్దీ ఉన్న శని, ఆదివారాల్లో ఆ బాకీ తీరుతుంది.

సమస్య: జూన్ వచ్చిందంటే నగ కుదువ పెట్టాల్సిందే

స్కూలు ఫీజు, పుస్తకాలు, బండి ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), సంక్రాంతి బట్టలు, గంగమ్మ జాతరకు వచ్చే చుట్టాలు, పెళ్లి చదివింపులు. వీటిలో ఒక్కటీ చెప్పకుండా వచ్చేది కాదు. అన్నిటికీ నెల తెలుసు, ఇంచుమించు మొత్తం కూడా తెలుసు. నెల బడ్జెట్‌లో చోటు లేకపోవడం వల్లే అనుకోని ఖర్చుల్లా మీద పడతాయి. గోడ క్యాలెండరు మీద ఏ నెలలో ఏది ఎంత అన్నది రాసిపెట్టండి. పై లెక్కలో మిగిలిన 45,000 వీటి కోసమే. ప్రభుత్వ పథకాల డబ్బును కూడా వీటికే ముడిపెట్టండి. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు 13,000 తల్లుల ఖాతాల్లో పడ్డాయి. ఆటో డ్రైవర్లకు ఆ ఏడాది అక్టోబరులో 15,000 వచ్చాయి. ఒకటి ఫీజులకు, ఒకటి బండి ఇన్సూరెన్సుకు అతికినట్టు సరిపోతాయి. కాకపోతే ఖాతాలో పడ్డాకే లెక్కలో రాయాలి, ప్రకటన విని రాయకూడదు.

చిత్తూరు వైపు మామిడి రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8, ప్రభుత్వం 4, కలిపి 12 రూపాయలని ప్రకటించారు. తోటలో కాయ కోసిన రోజు వేరు, డబ్బు పడే రోజు వేరు. రావాల్సిన డబ్బును చూసుకుని అప్పు చేస్తే, డబ్బు వచ్చేలోగా వడ్డీ పెరుగుతుంది.

సమస్య: రోజు ఫైనాన్సు తీరిన మర్నాడే మళ్లీ తీసుకుంటున్నాం

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైనది, అందుకే కాస్త నిదానంగా చదవండి. చేతికి 9,000 ఇస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "వెయ్యి రూపాయలే కదా వడ్డీ" అనిపిస్తుంది. కానీ ఆ 9,000 వంద రోజులూ మీ దగ్గర ఉండదు. మొదటి రోజు నుంచే తగ్గుతూ వస్తుంది, సగటున మీరు వాడుకునేది సగమే. ఆ లెక్కన ఏడాది వడ్డీ 75 శాతం దాటుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. అది ఎక్కువని మనమే అంటాం. అదే 9,000 ఆ వడ్డీకి వంద రోజులు మొత్తంగా ఉంచుకున్నా అయ్యేది 600.

మళ్లీ ఎందుకు తీసుకోవాల్సి వస్తుంది? రోజూ 100 రూపాయలు ఇంటి డబ్బులోంచి పోతున్నందువల్ల ఇంకేదో ఆగిపోతుంది. ఆగిపోయినదాన్ని పూడ్చడానికి కొత్త అప్పు కావాలి. ఇప్పటికే నడుస్తున్నది ఉంటే దాన్ని పూర్తిగా కట్టేయండి. తీరిన మర్నాటి నుంచి అదే 100 రూపాయలు అదే సమయానికి మీ మొదటి ఖాతాలో, అంటే రాబడి పడే ఖాతాలో, వేసి ఉంచండి. ఎనభై రోజుల్లో 8,000 అవుతుంది. పైన చెప్పిన కొరత మొత్తం అంతే. ఇన్నాళ్లూ వానలోనూ జ్వరంలోనూ ఆ వంద కట్టగలిగారు కాబట్టి ఇదీ మీకు చేతనవుతుంది.

ఒకేసారి మూడు నాలుగు ఫైనాన్సులు నడుస్తుంటే ఇది కుదరదు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న పొదుపు సంఘం నుంచి ఒక పెద్ద రుణం తీసుకుని చిన్నవన్నీ ఒకే రోజు మూసేయడం మేలు. వీధి వ్యాపారులైతే పీఎం స్వనిధి అనే కేంద్ర రుణ పథకం ఉంది. మొదటి విడత 15,000, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. మున్సిపల్ కార్యాలయంలో అడగండి. మూసిన తర్వాత ఫైనాన్సు మనిషి "మీకు మంచి పేరుంది" అని మళ్లీ ఇస్తానంటాడు. ఆ రోజు గట్టిగా ఉండాలి.

చిన్నవే, కానీ కారుతూ ఉండేవి

కరెంటు బిల్లు ఒక నెలలో ఒక్కసారిగా పెరిగితే మీటరును అనుమానించే ముందు శ్లాబు చూడండి. 2022లో ప్రకటించిన ధరల్లో మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు. అంటే మొదటి 125 యూనిట్లకు 417 రూపాయలు, ఆ తర్వాతి 100 యూనిట్లకే 600. ఇతర ఛార్జీలు వీటికి అదనం. తగ్గించాల్సింది ఆ చివరి వంద యూనిట్లు. వాటిలో నీళ్ల హీటరు, పాత ఫ్రిజ్ వాటానే ఎక్కువగా ఉంటుంది. పిల్లలు చదువుకునే లైటు జోలికి పోకండి.

కొట్టులో ఖాతా తెగడం లేదంటే, చిల్లరగా అరువు తెస్తున్నారని అర్థం. రాబడి బాగున్న నెలలో బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు రెండు నెలలకు సరిపడా కొని పెట్టండి. పొదుపు ఖాతాలో డబ్బులాగే ఇంట్లో సరుకు కూడా నిల్వే. దాన్ని ఎవరూ చేబదులు అడగరు. రేషన్ బియ్యం మనిషికి 5 కిలోలు వదులుకోవద్దు, సంకటికి అవి చాలా బాగుంటాయి. మదనపల్లె మార్కెట్టు పక్కనే ఉన్నా 2023 జులైలో టమోటా కిలో 150 దాటింది. అలాంటప్పుడు చింతపండు పులుసు, గోంగూర ఉన్నాయి.

చీటీ వాయిదా తప్పుతోందంటే చీటీ పెద్దదైందన్నమాట. అది బ్రహ్మోత్సవాల నెల చూసి కాకుండా మార్చి నెల చూసి వేయాలి. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైనదో కాదో అడగండి. పరిచయస్తులే కదా అని వేసిన చీటీ మునిగితే చూపించడానికి కాగితం కూడా ఉండదు.

సమస్య: ఎంత లెక్క వేసినా చాలడం లేదు

ఇది లోటు. దీనికి పుస్తకం రాయడం మందు కాదు, ఇందులో మీ క్రమశిక్షణ తప్పూ లేదు. పాలు, పిల్లల చిరుతిళ్లు కోసేస్తే ఇంట్లో దిగులు మిగులుతుంది తప్ప లోటు పూడదు. పెద్ద ఖర్చులు మూడే: అద్దె, అప్పుల వాయిదాలు, ఫీజులు. వాటిలో ఒకటి కదలాలి. నగరం నడిబొడ్డు నుంచి కొంచెం బయటికి మారితే అద్దె తగ్గుతుంది. కానీ బండి స్టాండుకు వచ్చిపోయే ఖర్చు, పిల్లల స్కూలు దూరం కలిపి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

రావాల్సినవి వస్తున్నాయో లేదో వార్డు సచివాలయంలో ఒకసారి అడిగి చూడండి. బియ్యం కార్డులో పిల్లల పేర్లు చేరాయా? దీపం-2 కింద ఏడాదికి మూడు గ్యాసు బండలు ఉచితం, రాయితీ మీ ఖాతాకు జమవుతోందా? ఆస్పత్రి అవసరమైతే అప్పు కోసం వెతకడానికి ముందే రుయా లేదా స్విమ్స్‌లో వైద్యసేవ కౌంటరులో కార్డు చూపించండి. ఏటా 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా మే చివర్లో ఖాతా నుంచి పోతాయి. అప్పుడు నిల్వ లేక అవి రద్దయితే ఇంటికి చాలా నష్టం.

బండి రుణం వాయిదా కట్టలేమని తెలిస్తే, తప్పిన తర్వాత కాదు, తప్పకముందే వెళ్లండి. వాయిదా వెనక్కి తిరిగితే ఖాతా ఉన్న బ్యాంకు ఒక ఛార్జీ, అప్పిచ్చినవాళ్లు ఇంకో ఛార్జీ వేస్తారు. గడువు పెంచి వాయిదా తగ్గించమని, లేదా మీకు డబ్బు చేతిలో ఉండే తారీఖుకు మార్చమని అడగండి. గడువు పెరిగితే మొత్తం వడ్డీ పెరుగుతుంది, ఆ అంకె ఎంతో అక్కడే చెప్పించుకోండి. నోటి మాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. పన్నెండు నెలల రాబడి పట్టిక దానికి జత చేస్తే, మీరు ఏ నెలలో ఎంత కట్టగలరో వాళ్లకు కళ్ల ముందు ఉంటుంది. నకలు మీద తారీఖు, ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.